గులకరాళ్ళు తొట్టిలోనే ఉండనివ్వండి

ప్రశ్న: మా ఇంట్లో మూడడుగుల చేపల తొట్టి ఉంది. కొలతలు 90 × 38 × 45 సెంటీమీటర్లు. నాలుగు గోల్డ్ ఫిష్‌లు, అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్ళు. నెలకోసారి చేపల్ని బకెట్లోకి మార్చి, నీళ్ళన్నీ తోడేసి, రాళ్ళన్నీ బయటికి తీసి కొళాయి కింద కడుగుతున్నాను. ఒక పూటంతా పోతుంది, నడుం పట్టేస్తుంది. ఇంతా చేస్తే ఒకట్రెండు రోజుల్లోనే నీళ్ళు పాలు కలిపినట్టు అవుతున్నాయి. ఒక్కోసారి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు కిందికి లాగే సైఫన్ గొట్టం కొన్నాను గానీ నోటితో పీల్చాలంటే రోతగా ఉంది. ఎలాగో మొదలుపెడితే మురికి బదులు రాళ్ళే పైకొస్తున్నాయి, గొట్టం జారి గదంతా తడి. ఈ పని తేలికయ్యే దారి చెప్పండి. నెల రోజులు ఊరెళ్ళాల్సి వస్తే ఏం చేయాలో కూడా చెప్పండి.

జవాబు: మీరు పడుతున్న శ్రమలో సగం అసలు చేయనక్కర్లేని పని. చేపలకు చేటు చేస్తున్నదీ ఆ సగమే. అందుకని గొట్టాల సంగతి తర్వాత చూద్దాం, ముందు రాళ్ళు బయటికి తీయడం మానేయండి.

చేపల మొప్పల నుంచి అమ్మోనియా బయటికి వస్తూ ఉంటుంది. మలం, మిగిలిన మేత కుళ్ళినా వచ్చేది అదే. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకొకటి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ కొద్దిగా ఉన్నా చేపకు విషమే. నైట్రేట్‌ను మాత్రం చాలావరకు ఓర్చుకుంటుంది. ఈ బాక్టీరియా నీళ్ళలో తేలుతూ తిరిగేది కాదు. రాళ్ళకీ, ఫిల్టరు స్పాంజికీ, అద్దాలకీ పల్చని జిగురు పొరగా అంటుకుని బతుకుతుంది. నీళ్ళు మార్చినంత మాత్రాన అది పోదు. రాళ్ళను కొళాయి కింద రుద్ది కడిగితే పోతుంది, ఆ నీళ్ళలో క్లోరిన్ ఉంటే మిగిలింది కూడా చస్తుంది. మళ్ళీ సరిపడా పెరగడానికి వారాలు పడుతుంది. ఈలోగా నాలుగు గోల్డ్ ఫిష్‌లు వదిలే అమ్మోనియా అంతా నీళ్ళలోనే ఉండిపోతుంది.

మీరు చెప్పిన తెల్లమబ్బు కూడా ఇక్కడిదే. పాత పొర పోయిన తొట్టిలో సేంద్రియ వ్యర్థాన్ని తిని గబగబా పెరిగే వేరే రకం బాక్టీరియా నీళ్ళలోనే లెక్కకు మించి పుట్టుకొస్తుంది. అది ఆక్సిజన్‌ను కూడా పీల్చేస్తుంది. దానికి అమ్మోనియా తోడైతే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవక ఏం చేస్తాయి? ఒక తేడా గుర్తుపెట్టుకోండి: శుభ్రం చేసిన వెంటనే గోధుమరంగులో మసగ్గా ఉంటే అది లేచిన మడ్డి, ఫిల్టరు నడుస్తుంటే కొన్ని గంటల్లో తేటపడుతుంది. మొదట తేటగా ఉండి ఒకటి రెండు రోజులకు తెల్లబడితే అది బాక్టీరియా. మొదటిదానికి కంగారు అక్కర్లేదు. రెండోదానికి అమ్మోనియా టెస్టు చేయాలి, మేత రెండు రోజులు ఆపాలి, గాలి పంపు పెట్టాలి.

ఇక చేయాల్సిన పద్ధతి. నీళ్ళు తీయడం, రాళ్ళు శుభ్రం చేయడం రెండు పనులు కావు, ఒకటే. వారానికోసారి రాళ్ళలోంచి మడ్డి లాగుతూ ఉంటే ఆ మడ్డితో పాటే తీయాల్సిన నీళ్ళు బయటికి పోతాయి. నీళ్ళు అనుకున్న గీతకు దిగగానే ఆపేయాలి, రాళ్ళు ఇంకా మిగిలున్నా సరే. ఆ మిగిలినవి వచ్చే వారం. "ఇంకొంచెమే ఉంది, ఇది కూడా లాగేద్దాం" అనుకుంటేనే తొట్టి సగానికి పైగా ఖాళీ అయి, నింపడానికి మళ్ళీ నడుం పోతుంది.

ఆ గీత ఎక్కడ పెట్టాలో లెక్క వేద్దాం. 90 × 38 అంటే అడుగు వైశాల్యం 3,420 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి నీటిమట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 3.4 లీటర్లు పోయినట్టు. కొలతల ప్రకారం తొట్టి 154 లీటర్లది. పైన నాలుగు సెంటీమీటర్లు ఖాళీ, అడుగున రాళ్ళు ఆక్రమించేది తీసేస్తే అసలు నీళ్ళు 130 లీటర్లకు అటూ ఇటూ. మూడో వంతుకు కాస్త తక్కువ, అంటే 40 లీటర్లు మార్చాలంటే మట్టం దాదాపు 12 సెంటీమీటర్లు దిగాలి. మామూలు మట్టానికి 12 సెంటీమీటర్ల కింద, తొట్టి పక్క అద్దం బయటివైపు చిన్న టేపు ముక్క అతికించండి. ఇక బకెట్లు లెక్కపెట్టే బాధ లేదు.

వారానికి 40 లీటర్లు సరిపోతాయా అంటే, అది మీ చేపలు, మీరు వేసే మేత తేల్చాల్సిన విషయం. నైట్రేట్ టెస్టు కిట్టుతో ఈ వారం నీళ్ళు మార్చిన మర్నాడు ఒకసారి, వచ్చే వారం మార్చే ముందు ఒకసారి చూడండి. మధ్యలో పెరిగిన అంకెను మీరు మార్చే వంతుతో భాగిస్తే తొట్టి చివరికి ఏ స్థాయిలో నిలుస్తుందో తెలుస్తుంది. వారానికి 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) పెరుగుతోంది, 30 శాతం మారుస్తున్నారు అనుకుందాం. 10ని 0.3తో భాగిస్తే 33. ఎన్ని వారాలు గడిచినా మార్చే ముందు అంకె 33 దగ్గరే ఆగుతుంది. 50 శాతం మారిస్తే 20 దగ్గర. అదే 30 శాతం రెండు వారాలకోసారి మారిస్తే 67. మీ కొళాయి నీళ్ళలోనే నైట్రేట్ ఉంటే అదీ దీనికి కలుస్తుంది, కాబట్టి కొత్త నీళ్ళను కూడా ఒకసారి టెస్టు చేయండి. మార్చే ముందు 40 దాటకుండా చూసుకుంటే గోల్డ్ ఫిష్‌కు ఇబ్బంది ఉండదు, 20 దగ్గర ఉంటే ఇంకా మేలు. నాలుగు గోల్డ్ ఫిష్‌లు పెరిగే కొద్దీ 130 లీటర్లు ఇరుకే అవుతుంది. అప్పుడు 40 లీటర్లను 60కి పెంచాల్సి రావచ్చు, అంటే టేపు 17, 18 సెంటీమీటర్ల కిందకు జరపాలి.

గొట్టం విషయంలో చాలామంది చేసే పొరపాటు, లావు గొట్టం కొంటే పని త్వరగా అవుతుందనుకోవడం. నీళ్ళు త్వరగా పోతాయి, నిజమే. కానీ రాళ్ళు శుభ్రం కావు. ఎందుకో చూడండి. లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లున్న మూడు మీటర్ల గొట్టం, తొట్టి నీటిమట్టానికి 70 సెంటీమీటర్ల కింద వదిలితే నిమిషానికి సుమారు 8 లీటర్లు లాగుతుంది. అదే 16 మిల్లీమీటర్లదైతే దాదాపు రెట్టింపు. ఇప్పుడు ఈ సన్న గొట్టం చివర తగిలించి రాళ్ళలోకి దించే వెడల్పు గొట్టం 5 సెంటీమీటర్లది అనుకుంటే, ఒక్కో పోటుకు 20 చదరపు సెంటీమీటర్ల మేర శుభ్రమవుతుంది. తొట్టి అడుగులో మూడో వంతు 1,140 చదరపు సెంటీమీటర్లు, అంటే సుమారు 57 పోట్లు. పోటుకు ఐదు సెకన్లు వేసుకుంటే ఐదు నిమిషాల లోపు పని. నిమిషానికి 8 లీటర్ల చొప్పున ఆ ఐదు నిమిషాల్లో పోయేది దాదాపు 40 లీటర్లు. మనకు కావలసిందీ అంతే. 16 మిల్లీమీటర్ల గొట్టం పెడితే మూడో వంతు రాళ్ళలో దాదాపు సగం అయ్యేసరికే నీళ్ళు గీతకు దిగిపోతాయి. మీ తొట్టికి 12 చాలు. లావుది ఆరడుగుల తొట్ల వాళ్ళకు వదిలేయండి.

రాళ్ళు పైకి రావడానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది. సన్న గొట్టంలోంచి ఎన్ని నీళ్ళు పోతున్నాయో అన్నే నీళ్ళు అడుగునున్న వెడల్పు గొట్టంలోంచి పైకి రావాలి. వెడల్పు ఎక్కువైతే వేగం తగ్గుతుంది. 12 మిల్లీమీటర్ల గొట్టానికి 5 సెంటీమీటర్ల వెడల్పు గొట్టం జతచేస్తే లోపల నీళ్ళు సెకనుకు 7 సెంటీమీటర్ల వేగంతో లేస్తాయి. మడ్డి నీళ్ళలో చాలా నెమ్మదిగా దిగే సరుకు, ఆ వేగానికి హాయిగా పైకి పోతుంది. 3 నుంచి 5 మిల్లీమీటర్ల రాయి అంతకంటే ఎంతో వేగంగా కిందికి పడుతుంది, కాబట్టి కాస్త కదిలి అక్కడే ఉండిపోతుంది. అదే వెడల్పు గొట్టం 2.5 సెంటీమీటర్లదైతే వేగం నాలుగింతలై సెకనుకు 27 సెంటీమీటర్లకు చేరుతుంది, రాళ్ళు కూడా ఎగిరొస్తాయి. చిన్న తొట్ల కోసం చేసిన సన్న సైఫన్లలో జరిగేది ఇదే. మీరు కొన్నది బహుశా ఆ రకమే. దాన్ని పారేయనక్కర్లేదు, వెడల్పు గొట్టం ఒక్కటి మార్చుకోండి, లేదా గొట్టం చివర వాల్వు పెట్టి సగం మూసి వాడండి. పొడవు కూడా ముఖ్యం: వెడల్పు గొట్టం 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటే రాయి పైకి లేచినా మెడ దాకా చేరేలోపే తిరిగి పడుతుంది.

ఇసుక వాడేవాళ్ళకు ఒక మాట. అర మిల్లీమీటరు ఇసుక రేణువు నీళ్ళలో దిగే వేగం కూడా సుమారు 7 సెంటీమీటర్లే. కాబట్టి ఇదే గొట్టాన్ని ఇసుకలో గుచ్చితే ఇసుకంతా బకెట్లో ఉంటుంది. ఇసుకకు ఒకటి రెండు సెంటీమీటర్ల పైన ఆపి, గొట్టాన్ని చిన్నగా సుడి తిప్పినట్టు తిప్పితే మడ్డి లేచి లోపలికి పోతుంది, ఇసుక నిలుస్తుంది.

కావలసిన సామాను కొద్దిగానే: వెడల్పు గొట్టం, మెత్తటి 12 మిల్లీమీటర్ల గొట్టం, పూర్తిగా తెరుచుకునే ఒక బాల్ వాల్వు, రెండు గొట్టం క్లిప్పులు, తొట్టి అంచు మీద కూర్చునే యూ ఆకారపు వంపు. ఈ వంపు చాలా చిన్న వస్తువు, కానీ మీ గది తడవకుండా ఆపేది ఇదే. రెండు పీవీసీ ఎల్బోలు, మధ్యలో నాలుగైదు సెంటీమీటర్ల పైపు ముక్క పెడితే తయారవుతుంది. గొట్టం అంచు మీద నలగదు, జారదు. వంపు దాటాక గొట్టం నేరుగా కిందికి దిగాలి. మధ్యలో ఎక్కడైనా పైకి లేచి మళ్ళీ దిగితే ఆ మెట్టలో గాలి చేరి, ధార సన్నబడి చివరికి ఆగిపోతుంది. రాళ్ళలోంచి లేచే గాలి బుడగలే ఇందుకు చాలు. బాల్ వాల్వును చేతికి అందేలా, తొట్టి అంచుకు ఒక అడుగు కింద బిగించండి. కింది చివర పెడితే ప్రతిసారీ వంగాలి.

నోటితో పీల్చడం మానేయండి. రోత సంగతి అటుంచితే ఆ నీళ్ళలో మనిషికి జబ్బు చేసే బాక్టీరియా కూడా ఉండొచ్చు. చేతికి గాయముంటే గ్లౌజులు లేకుండా తొట్టిలో చెయ్యి పెట్టకూడదు. మైకోబాక్టీరియం మరైనమ్ అనేది చేపల తొట్టి నీళ్ళ ద్వారానే గాయాల్లోకి చేరి, నెలల తరబడి మానని పుండ్లు వేస్తుంది. సైఫన్ మొదలుపెట్టడానికి చెయ్యే చాలు. గొట్టం కింది చివర బకెట్లో, తొట్టి నీటిమట్టం కంటే బాగా కింద ఉండేలా పెట్టండి, వాల్వు తెరిచి ఉంచండి. వెడల్పు గొట్టాన్ని నోరు పైకి ఉండేలా పక్కకు వంచి నీళ్ళలో ముంచి పూర్తిగా నింపండి. నోరు పైకే ఉంచి నీళ్ళలోంచి బయటికి ఎత్తండి. అందులోని నీళ్ళు సన్న గొట్టంలోకి దిగి అంచు దాటుతాయి. వెడల్పు గొట్టం ఖాళీ అయ్యేలోపే, ఇంకా రెండు మూడంగుళాల నీళ్ళుండగానే, చటుక్కున నోరు కిందికి తిప్పి ముంచేయండి. ధార మొదలవుతుంది. మొదటిసారి ఆగిపోయినా రెండోసారికి చేతికి అలవాటవుతుంది. రబ్బరు బంతి ఉన్న గొట్టాలు కూడా దొరుకుతాయి, రెండు నొక్కులకే ధార వస్తుంది. అయితే ఆ బంతిలోని చిన్న కవాటంలో రాయి ఇరుక్కుంటే అది విప్పి కడగాలి.

ఇప్పుడు అసలు పని. గొట్టాన్ని రాళ్ళలోకి నిలువుగా, అడుగు అద్దం తగిలేదాకా గుచ్చండి. రాళ్ళు లోపల గిరగిరా తిరుగుతూ లేస్తాయి, వాటి మధ్యనుంచి గోధుమరంగు మబ్బు పైకి పోతుంది. రాళ్ళు గొట్టంలో మూడింట రెండొంతుల ఎత్తుకు వచ్చాయనిపిస్తే వాల్వు ఒక్క క్షణం మూయండి, లేదా గొట్టాన్ని వేళ్ళతో నొక్కండి. రాళ్ళు పడిపోతాయి. మళ్ళీ వదలండి. లోపలి నీళ్ళు తేటపడగానే గొట్టం ఎత్తి పక్కనే గుచ్చండి. పక్కలకు ఈడ్చవద్దు, ఈడిస్తే మడ్డి తొట్టంతా లేస్తుంది. ఎత్తడం, గుచ్చడం, అంతే. ఎక్కువ మడ్డి ఉండేది ఫిల్టరు ప్రవాహం చేరని వెనక మూలల్లో, అలంకారపు బొమ్మల కింద, మేత పడే చోట. ఎడమ మూడో వంతు ఈ వారం, మధ్యది వచ్చే వారం, కుడిది ఆపై వారం. మేత పడే చోటు మాత్రం ప్రతి వారం రెండు పోట్లు వేయండి. మొక్కలుంటే వేళ్ళ దగ్గర గుచ్చకండి, పైపైన తిప్పితే చాలు. మొక్కకు ఆ మడ్డి ఎరువే.

రాయి వాల్వులోనో వంపులోనో ఇరుక్కుని ధార ఆగితే గొట్టం విప్పకండి. కింది చివరను తొట్టి నీటిమట్టం కంటే పైకి ఎత్తండి. గొట్టంలోని నీళ్ళు వెనక్కి పారి రాయిని తొట్టిలోకే తోసేస్తాయి. ఒకటి రెండుసార్లు అలా ఎత్తి దించితే చాలు.

బకెట్లు మోయడం తప్పించుకోవాలంటే కింది చివరను నేరుగా బాత్రూం కాలవలోకి వదలవచ్చు. గొట్టం ఎనిమిది మీటర్లు పొడవైనా ఫర్వాలేదు. పొడవు పెరిగితే ధార తగ్గుతుంది, కానీ కింది చివర నేల మట్టానికి దిగుతుంది కనుక ఆ ఎత్తు తేడా కొంత పూడుస్తుంది, నిమిషానికి ఆరేడు లీటర్లు వస్తాయి. చివరను కాలవ జాలీకి తాడుతో కట్టేయాలి, లేకపోతే అది కదిలి నేలమీద పారుతుంది. ఒక్క బకెట్టు నీళ్ళు మాత్రం పట్టి ఉంచుకోండి. మీ దగ్గర చిన్న చేప పిల్లలుంటే కాలవలోకి వదలడం మానేసి పూర్తిగా బకెట్లలోకే పట్టండి. ఆ నీళ్ళు కుండీల్లో మొక్కలకు బాగా పనికొస్తాయి, తొట్టిలో ఉప్పు గానీ మందు గానీ వేసి ఉండకపోతే.

కొళాయికి తగిలించి, ఆ నీటి ఒత్తిడితోనే తొట్టి నీళ్ళు లాగి, తర్వాత మీట తిప్పితే అదే గొట్టంతో తొట్టి నింపే పరికరాలున్నాయి. బరువు మోసే పని ఉండదు, నిజం. కానీ తొట్టి నీళ్ళు లాగుతున్నంతసేపూ మంచి నీళ్ళు కూడా కాలవలో పోతుంటాయి. ఒత్తిడి తక్కువ ఉన్న కొళాయికి అది పనిచేయదు. ధార మొదలయ్యాక గొట్టం చివర తొట్టి కంటే కింద ఉంటే కొళాయి కట్టేయవచ్చు, ఎత్తు తేడాయే మిగతాది లాగుతుంది. రెండు వందల లీటర్లు దాటిన తొట్టికైతే కొనదగ్గదే. మీ తొట్టికి నేను చెప్పను.

నింపడం దగ్గర నడుం కాపాడేది నీళ్ళలో మునిగి పనిచేసే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు. ఒక లీటరు నీళ్ళంటే ఒక కిలో, 40 లీటర్లంటే 40 కిలోలు. దాన్ని ఛాతీ ఎత్తుకు ఎత్తి పోయడం కంటే తొట్టి పక్కన నేలమీద 50, 60 లీటర్ల డ్రమ్ము పెట్టి, అందులో పంపు వేసి, గొట్టాన్ని తొట్టి అంచుకు క్లిప్పుతో బిగించడం మేలు. పంపు కొనేటప్పుడు గంటకు ఎన్ని లీటర్లో చూసి మోసపోకండి, అది ఎత్తు సున్నా ఉన్నప్పటి మాట. పెట్టె మీద "హెచ్ మ్యాక్స్" అని ఉండేది చూడండి, ఆ ఎత్తు దగ్గర ధార పూర్తిగా ఆగిపోతుంది. గంటకు 1,800 లీటర్లు, హెచ్ మ్యాక్స్ 2 మీటర్లు ఉన్న పంపు ఒక మీటరు ఎత్తుకు సుమారు సగమే ఇస్తుంది. అంటే నిమిషానికి 15 లీటర్లు, మీ 40 లీటర్లకు దాదాపు మూడు నిమిషాలు. హెచ్ మ్యాక్స్ ఒక మీటరే ఉన్నదైతే మీ స్టాండు ఎత్తుకు చుక్క కూడా ఎక్కదు.

ఇక్కడే ఇల్లు తడిసే ఇంకో దారి ఉంది. నింపే గొట్టం చివర తొట్టి నీళ్ళలో మునిగి ఉండగా పంపు ఆపితే, తొట్టి నీళ్ళు వెనక్కి డ్రమ్ములోకి పారడం మొదలవుతుంది. డ్రమ్ము పట్టదు, పొంగుతుంది. గొట్టం చివరను నీటిమట్టం కంటే పైనే బిగించండి. లేదా తొట్టి లోపలివైపు, నీటిమట్టానికి కాస్త పైన గొట్టానికి 3 మిల్లీమీటర్ల చిన్న చిల్లు పెట్టండి. పంపు ఆగగానే అందులోంచి గాలి దూరి ధార తెగుతుంది. చిల్లులోంచి చిమ్మే సన్నధార తొట్టిలోకే పడేలా చూసుకోవాలి. ధార కింద ఒక పళ్ళెం పెడితే రాళ్ళు చెదరవు, మడ్డి లేవదు.

కొత్త నీళ్ళు ముందురోజే డ్రమ్ములో పట్టి పెట్టుకుంటే సగం సమస్యలు పోతాయి. మామూలు క్లోరిన్ అయితే గాలి పంపుకు తగిలించి బుడగలు వదిలే గాలి రాయి పెట్టి ఒక రోజు ఉంచితే పోతుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) కలిపిన సరఫరా అయితే ఎన్ని రోజులు ఉంచినా సరిగా పోదు, దానికి మందు వేయాల్సిందే, అదీ అమ్మోనియాను కూడా కట్టేసే రకం. క్లోరిన్ ఒక్కటే అయితే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ పలుకులు చాలు. 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి సీసాలో పెట్టుకోండి. లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా క్లోరిన్ ఉన్న 40 లీటర్ల నీళ్ళకు ఆ ద్రావణం 6 మిల్లీలీటర్లు సరిపోతుంది. డ్రమ్ము లేకుండా కొళాయి గొట్టంతో నేరుగా తొట్టిలోకే పడితే మందు లెక్క మారుతుంది: కొత్తగా పోసే 40 లీటర్లకు కాదు, తొట్టి మొత్తానికి, అంటే 130 లీటర్లకు వేయాలి, అదీ నీళ్ళు పట్టడానికి ముందే.

బోరు నీళ్ళయితే క్లోరిన్ బెడద లేదు గానీ, భూమిలోంచి వచ్చిన నీళ్ళలో కార్బన్ డయాక్సైడు ఎక్కువగా, ఆక్సిజన్ తక్కువగా ఉంటాయి. పన్నెండు గంటలు గాలి రాయి నడిపితే పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత కూడా తన స్థానానికి వస్తుంది. వేడి విషయంలో చేతి అంచనా నమ్మకండి, థర్మామీటరుతో చూడండి. పాత నీళ్ళకూ కొత్త నీళ్ళకూ తేడా రెండు డిగ్రీల లోపు ఉండాలి. ఎండలో ఉండే ట్యాంకు నుంచి పట్టిన నీళ్ళకు డ్రమ్ములో ఒక రాత్రి ఉంచడమే మందు.

మొదలుపెట్టే ముందు కరెంటు సంగతి చూసుకోవాలి. ఫిల్టరు ఆపండి, లేకపోతే నీళ్ళు దిగాక గాలి పీల్చి మోటారు వట్టిగా తిరుగుతుంది. హీటర్ ఉంటే పావుగంట ముందే ఆపాలి. వేడిగా ఉన్న గాజు నీళ్ళు దిగి బయటపడి, మళ్ళీ చల్లని నీళ్ళు తగిలితే పగులుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీద ఉంటే గోడకు ఎత్తి తగిలించండి. తీగలు ప్లగ్గు కంటే కిందికి వేలాడి, అక్కడినుంచి పైకి వెళ్ళి ప్లగ్గును చేరేలా ఉంచితే తీగ వెంట కారిన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా కింద చుక్కలుగా రాలుతాయి.

ఫిల్టరు స్పాంజి రాళ్ళతో పాటు అదే రోజు కడగకండి. రెండు చోట్లా ఉన్న బాక్టీరియాను ఒకేసారి కదిలించినట్టవుతుంది. స్పాంజి కడిగే వారం రాళ్ళ పని మానేసి నీళ్ళు మాత్రం మార్చండి. పట్టి ఉంచమన్న బకెట్టు నీళ్ళు దీనికే. స్పాంజిని ఆ తొట్టి నీళ్ళలోనే నాలుగుసార్లు పిండి మళ్ళీ పెట్టేయండి. కొత్తదానిలా తెల్లగా రానక్కర్లేదు. అద్దాల మీది నాచు మాత్రం నీళ్ళు తీయడానికి ముందే గీకాలి, రాలిన నాచు సైఫన్‌తో పోతుంది.

మీరు నెలనెలా అంతా మార్చేస్తున్నారు కాబట్టి వచ్చే వారం నుంచే ఈ పద్ధతికి రావచ్చు. మొదటి నెల అమ్మోనియా టెస్టు వారానికి రెండుసార్లు చేయండి, కనిపిస్తే ఆ రోజు 30 శాతం నీళ్ళు మార్చండి, రాళ్ళ జోలికి పోకుండా. నెలల తరబడి నీళ్ళే మార్చని తొట్టి ఉన్నవాళ్ళు మాత్రం ఒకేసారి సగం మార్చకూడదు. అలాంటి తొట్టిలో పీహెచ్ బాగా పడిపోయి, అమ్మోనియా పెద్దగా విషం కాని అమ్మోనియం రూపంలో పోగై ఉండొచ్చు. కొత్త నీళ్ళతో పీహెచ్ ఒక్కసారి పెరిగితే అది మళ్ళీ విషపు అమ్మోనియాగా మారుతుంది. రోజుకు పది శాతం చొప్పున వారం పది రోజులు మార్చి, తర్వాత మామూలు లెక్కకు రావాలి.

ఊరెళ్ళే విషయానికి వస్తే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద గోల్డ్ ఫిష్‌లు వారం పది రోజులు మేత లేకుండా ఉండగలవు. మేత తగ్గితే మురికీ తగ్గుతుంది. నెల అంటే మాత్రం ఎవరో ఒకరు రావాలి. వెళ్ళే ముందు వరుసగా రెండు వారాలు 50 శాతం చొప్పున నీళ్ళు మార్చండి, వెళ్ళే రోజు కాకుండా రెండు రోజుల ముందే ఆ పని ముగించండి, ఏదైనా తేడా వస్తే చూసుకునే సమయం ఉంటుంది. మేతను రోజుకు కావలసినంత చిన్న పొట్లాలుగా కట్టి, వారానికి మూడు పొట్లాల చొప్పున లెక్కపెట్టి ఇవ్వండి, డబ్బా మాత్రం చేతికి ఇవ్వకండి. చేపల్ని చూసుకునే కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు మేత ఎక్కువ వేయడమే. వచ్చినవాళ్ళకు రాళ్ళ పని అప్పగించవద్దు. నిలవ ఉంచిన డ్రమ్ము నీళ్ళు, పంపు, అద్దం మీద టేపు ఉంటే రెండు వారాలకోసారి టేపు దాకా తీసి నింపడం ఎవరైనా చేస్తారు. ఆవిరై తగ్గిన నీళ్ళు పోస్తే నీళ్ళు మార్చినట్టు కాదని మాత్రం వాళ్ళకు చెప్పండి: ఆవిరిగా పోయేది నీళ్ళే, నైట్రేట్, లవణాలు తొట్టిలోనే ఉంటాయి. అందుకే ముందు టేపు దాకా తీయాలి, తర్వాతే పోయాలి.